ఈగ కోసం కాదు, గింజ కోసం

మా మేడ ఎక్కినవాళ్లు ఎవరైనా మొదట అడిగే మాట ఒకటే: ‘‘ఏదీ, ఒక ఈగని వేసి చూపించండి.’’ చుట్టాలదీ అదే మాట, కరెంటు మీటరు రీడింగుకి వచ్చిన కుర్రాడిదీ అదే మాట. దసరా సెలవులకి వచ్చిన మా మనవడు ఈగ దొరక్క చీమని పట్టుకొచ్చాడు. చీమ తప్పించుకుంటే పెరుగన్నం మెతుకు వేశాడు. మెతుకు పడిన ఆకు పది రోజుల్లో నల్లగా కుళ్లి ఊడిపోయింది.

ఆరేళ్లుగా పురుగుల్ని తినే మొక్కలు పెంచుతున్నాను. ఈ ఆరేళ్లలో వేరే ప్రశ్న అడిగిన మనిషి ఒక్కరే. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ ఒకరోజు బట్టలు ఆరెయ్యడానికి వచ్చి, కుండీల ముందు కాసేపు నిలబడి, ‘‘పూలు పుయ్యవేటమ్మా ఈటికి? పుయ్యకపోతే మరి పిల్లమొక్కలెలా వస్తాయేటి?’’ అంది. అప్పటికి నేను మూడు మొక్కల్ని కొని మూడింటినీ చంపాను. పూస్తాయో లేదో నాకూ తెలీదు.

నేను వృక్షశాస్త్రం చదివినదాన్ని కాదు. బీకాం చదివి, ముప్ఫై నాలుగేళ్లు తపాలా శాఖలో పనిచేసి, విజయనగరంలో సబ్ పోస్ట్‌మాస్టరుగా రిటైరయ్యాను. ఉత్తరాల మీద తేదీ ముద్ర కొట్టీ కొట్టీ కుడి మణికట్టు కాస్త వంకర పోయింది. ఖాళీగా కూర్చోలేక ఆన్‌లైన్‌లో 650 రూపాయలు పెట్టి వీనస్ ఫ్లైట్రాప్ తెప్పించాను. ‘పెంచడం తేలిక, ఇంట్లో ఈగల బెడద ఉండదు’ అని డబ్బా మీద రాసుంది. రెండూ అబద్ధాలే. ఆ మొక్క బోను ఒక ఈగని మూసి పట్టుకుంటే అరిగించుకుని మళ్లీ తెరుచుకోవడానికి వారం, పది రోజులు పడుతుంది. ఈగల బెడద తీరాలంటే మేడ నిండా అవే ఉండాలి. ఇక తేలిక అన్న మాట. మా బోరు నీళ్లలో టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, 640 ఉంది. ఈ మొక్కకి 50 దాటితే గిట్టదు. తులసికోటలో పోసిన చేత్తోనే దీనికీ పోశాను. నెలలో పోయింది. రెండోదానికి బలం వస్తుందని వర్మీకంపోస్టు వేశాను. అది ఇంకా తొందరగా పోయింది.

తరవాత చదివి తెలుసుకున్నాను, ఎందుకు పోయాయో. ఫ్లైట్రాప్ పుట్టిల్లు అమెరికాలో ఉత్తర, దక్షిణ కరోలినాలు. విల్మింగ్టన్ అనే పట్టణం చుట్టూ 160 కిలోమీటర్ల లోపే అది సహజంగా పెరుగుతుంది, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అక్కడ నేల ఇసుక, చిత్తడి. నత్రజని, భాస్వరం దాదాపు లేవు. వేళ్లు తెచ్చిపెట్టలేనిదాన్ని ఆకు సంపాదించుకొస్తోంది, అంతే. పేదింటి పిల్ల టైపు నేర్చుకుని ఉద్యోగానికి వెళ్లినట్టు. అలాంటిదానికి మనం ఎరువు వేస్తే వేళ్లు మాడిపోతాయి. పైగా అక్కడ చలికాలం గట్టిగా ఉంటుంది, మొక్క మూడు నాలుగు నెలలు ముడుచుకుని పడుకుంటుంది. విజయనగరంలో ఎక్కడి చలి? అందుకని డిసెంబరులో దాన్ని కుండీలోంచి తీసి, తడి నాచులో చుట్టి, జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో కూరల అరలో ఉంచుతున్నాను. ఒకసారి మా కోడలు కొత్తిమీర అనుకుని కవరు విప్పి, దండం పెట్టి మళ్లీ మూసేసింది.

నేను చెప్పదలుచుకున్నది మొక్కలు ఎలా పెంచాలన్నది కాదు. పురుగుని పట్టడం దగ్గరే మనం ఆగిపోతున్నాం. ఫోన్లలో వచ్చే వీడియోలన్నీ అవే: పట్టకారతో ఈగ, పట్టకారతో పురుగు, ఒక్కోసారి మాంసం ముక్క. బోను లోపలి వెంట్రుకల్ని ఇరవై సెకన్లలోపు రెండుసార్లు తాకితేనే ఆకు మూసుకుంటుంది. ఒక్క తాకిడిని లెక్కలోకి తీసుకోదు, వాన చినుకో దుమ్మో అయి ఉండొచ్చని. మూసుకున్నాక లోపల పురుగు ఇంకా గింజుకుంటుంటేనే జీర్ణరసాలు ఊరతాయి. ఇంత లెక్కగా బతికే ఆకుని, వచ్చినవాళ్లందరూ వేలు పెట్టి మూయిస్తారు. ఒక్కో బోను కొన్నిసార్లే మూసుకోగలదు, ఆపైన ఎండిపోతుంది. తమాషా చూసినవాళ్లు వెళ్లిపోతారు, మొక్క పోతుంది, ఇంకో 650 పెట్టి ఇంకోటి కొంటాం. దీన్ని మొక్కలు పెంచడం అని ఎలా అంటాం? పెళ్లికి వెళ్లి భోజనాల వరసలోంచే ఇంటికి వచ్చేసినట్టు.

తిండి దేనికి? ఈ ప్రశ్న వేసుకున్నవాళ్లు నూటయాభై ఏళ్ల కిందటే ఉన్నారు. చార్లెస్ డార్విన్ 1860 వేసవిలో ఇంగ్లండులో ససెక్స్ బీడు నేలల మీద డ్రాసిరా అనే చిన్న మొక్క ఆకులకి అన్ని పురుగులు అంటుకుని ఉండడం చూసి ఆశ్చర్యపోయాడు. పదిహేనేళ్లు దాని వెంటపడి 1875లో పురుగులు తినే మొక్కల మీద ఏకంగా పుస్తకం రాశాడు. తల వెంట్రుక ముక్కలు వేసి చూశాడు, గుడ్డు తెల్లసొన వేసి చూశాడు, దేనికి ఆకు కదులుతుందో దేనికి కదలదో రాసి పెట్టుకున్నాడు. అయితే ఆ పురుగుల తిండి వల్ల మొక్కకి నిజంగా లాభముందా అన్నది తేల్చలేదని కొందరు పెదవి విరిచారు. అప్పుడు ఆయన కొడుకు ఫ్రాన్సిస్ 1877లో చేసిన పని నాకు భలే నచ్చింది. సూపు పళ్లేల్లో డ్రాసిరా మొక్కలు నాటాడు. ఒక్కో పళ్లేన్నీ మధ్యలో చెక్క అడ్డం పెట్టి రెండు భాగాలు చేశాడు. పురుగులు వాలకుండా పైన పల్చటి గుడ్డ కప్పాడు. ఒకవైపు మొక్కలకి వేయించిన మాంసం తునకలు పెట్టాడు, రెండోవైపు వాటికి పస్తే. ఆకుల్లో తేడా అంతంతమాత్రం. గింజల దగ్గర తేడా కొట్టొచ్చినట్టు కనపడింది. తిన్న వైపు మొక్కలకి గింజలు రెండింతలు దాటి కాశాయి. ఈగని మింగడం అంతా గింజ కోసమే. మా పనావిడ అడిగింది సరిగ్గా అదే ప్రశ్న, సూపు పళ్లెం లేకుండా.

మూడో ఫ్లైట్రాప్ కూడా పోయాక నాలుగోది వాన నీళ్లతో, కడిగిన పీట్‌మాస్, పెర్లైట్ కలిపిన మట్టిలో నిలబడింది. రెండో ఏడు ఫ్రిజ్ నిద్ర అయ్యాక, ఫిబ్రవరి చివర్లో, నడుమ నుంచి సన్నటి కాడ ఒకటి లేచింది. మొదట కొత్త బోను అనుకున్నాను. అది పెరుగుతూ పెరుగుతూ జానెడు దాటింది. చివర్న ఏడు మొగ్గలు. అంత చిన్న మొక్కకి అంత పొడుగు కాడ ఎందుకంటే, పువ్వు మీద వాలాల్సిన పురుగు కింద బోనులో పడకూడదుగా. తిండీ పెళ్లీ రెండూ పురుగులతోనే అయినప్పుడు ఇద్దరినీ వేరువేరు అంతస్తుల్లో పెట్టాలి. 2018లో అమెరికన్ శాస్త్రవేత్తలు అచ్చువేసిన పరిశోధనలో ఇది లెక్కతో తేలింది. పువ్వుల మీద పుప్పొడి మోస్తూ దొరికిన చిన్న తేనెటీగలు, పెంకు పురుగులు బోనుల్లో దాదాపు కనపడలేదట. బోనుల్లో ఎక్కువగా పడేవి సాలీళ్లూ చీమలూ.

కాడ కత్తిరించెయ్యమని నాకు తెలిసినవాళ్లందరూ చెప్పారు. పువ్వు బలమంతా లాగేస్తుంది, మొక్క నీరసపడుతుంది అని. నిజమే. నేను కత్తిరించలేదు.

తెల్లటి పువ్వు, అయిదు రేకలు, చిటికెన వేలి గోరు కంటే కాస్త పెద్దది. విచ్చిన రోజు కేసరాల కొనల మీద పుప్పొడి పచ్చగా రాలడానికి సిద్ధంగా ఉంటుంది. అదే రోజు నడిమి కీలాగ్రం మాత్రం మూసుకుని నున్నగా, చీపురు పుల్ల కొనలా ఉంటుంది. ఒకటి రెండు రోజులాగితే దాని కొన చీలి కుచ్చులా విచ్చుకుంటుంది. అది పుప్పొడి తీసుకునే వేళ. అప్పటికి ఆ పువ్వు సొంత పుప్పొడి చాలావరకు రాలిపోయి ఉంటుంది. అంచేత ఇవాళ విచ్చిన పువ్వులోంచి తీసి మొన్న విచ్చిన పువ్వుకి అద్దాలి. ఒక్క కాడ మీద ఏడు పువ్వులు రోజుకొకటి, రెండ్రోజులకొకటి విచ్చుతాయి కాబట్టి, ఒకే మొక్కతో కూడా పని జరుగుతుంది. నేను వాడింది మనవడి డ్రాయింగు డబ్బాలోని సున్నా నంబరు బ్రష్. పొద్దున్న ఏడున్నరకి, గాలి లేవకముందు, కళ్లజోడు మీద భూతద్దం పెట్టుకుని. పుప్పొడి కుచ్చుకి అంటినప్పుడు పసుపు బొట్టు పెట్టినట్టు కనపడుతుంది. మా ఆయన వెనకాల కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి, ‘‘రిటైరయ్యాక లోకమంతా గుళ్లకి వెళ్తుంది, నువ్వు పువ్వులకి పెళ్లిళ్లు చేస్తున్నావు’’ అన్నారు.

ఏడింట్లో అయిదు నిలిచాయి. రేకలు వాడి నల్లబడ్డాయి, అడుగున కాయ ఉబ్బింది. నెల గడిచాక ఒక పొద్దున్న చూస్తే కాయ పగిలి నోరు తెరుచుకుని ఉంది. లోపల గింజలు, ఆవాల కంటే చిన్నవి, కాటుక పూసినట్టు నిగనిగలాడుతూ గుట్టగా ఉన్నాయి. లెక్కపెట్టాను, 64. పోస్టాఫీసు అలవాటు, లెక్కపెట్టకుండా ఏదీ కవర్లో వెయ్యను. ఆ వారమే చల్లితే 19 మొలిచాయి. ఏడాదికి మిగిలినవి ఆరు. తల్లి మొక్క మే నెల ఎండలకి తట్టుకోలేక పోయింది. కాడ కత్తిరించమన్నవాళ్ల మాటలో తప్పేం లేదు. కొన్న ఏడాదే పూస్తే, ఆకులు పల్చగా ఉంటే, కత్తిరించండి. బలం ఉన్నదాన్ని మాత్రం ఒక్కసారైనా పూయనివ్వండి. ఒకటి పోయి ఆరు మిగిలాయి. మూడు కొని మూడూ పోగొట్టిన దాని కంటే ఇది నాకు నయమైన లెక్కగానే తోస్తోంది.

చేత్తో పుప్పొడి అద్దడం మనకేమీ కొత్త విద్య కాదు. మా అమ్మ దొడ్లో గుమ్మడి పాదుకి పొద్దున్నే మగపువ్వు కోసి, రేకలు తుంచి, పిందె ఉన్న పువ్వులో రుద్దేది. రుద్దకపోతే పిందెలు రాలిపోతాయని. దానికి పరాగ సంపర్కం అని పేరుందని ఆవిడకి తెలీదు. కర్నూలు, గద్వాల వైపు పత్తి విత్తనం పండించే పొలాల్లో ఆడవాళ్లు ఇదే పని కూలికి చేస్తారు. సాయంత్రం మొగ్గల్లో కేసరాలు గోటితో తీసేసి గుర్తు పెట్టడం, మర్నాడు పొద్దున్న మగ పత్తి పువ్వు తెచ్చి రుద్దడం. క్రాసింగ్ అంటారు దాన్ని, పనిచేసేవాళ్లూ అదే మాట అంటారు. ఒకప్పుడు ఆ పనికి బడి మానిపించి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు, సన్నటి వేళ్లని. మన దేశంలో సంకర పత్తి ఆ వేళ్ల మీద నడిచింది. నేను సున్నా నంబరు బ్రష్‌తో ఏడు పువ్వులకి చేసి ఏదో సాధించినట్టు రాస్తున్నానుగానీ, అక్కడ ఒక్కో మనిషి పొద్దుటిపూట కొన్ని వందల పువ్వులకి చేస్తుంది.

ఇక కూజా మొక్క సంగతి. అయిదేళ్ల కిందట రాజమండ్రిలో పెళ్లికి వెళ్లి, వస్తూ వస్తూ కడియం నర్సరీల్లో ఆగాం. ఒకచోట తలుపు దగ్గర కుండీలో వేలాడుతూ ఎర్రటి కూజాలతో నెపంథిస్ కనపడింది. ‘‘ఇది ఆడదా, మగదా?’’ అని అడిగాను. అమ్మే అబ్బాయి మా ఆయన వంక చూసి నవ్వాడు. అడిగింది వెర్రి ప్రశ్న కాదు. నెపంథిస్‌లో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు, మన బొప్పాయిలో, తాడిలో ఉన్నట్టు. పూసేదాకా ఏదేదో ఎవరూ చెప్పలేరు. అందరూ పువ్వు అనుకునే ఆ కూజా నిజానికి ఆకు. ఆకు కొన తీగలా సాగి, దాని చివర ఉబ్బి కూజా అవుతుంది. స్కూలు పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది, అయినా మా మేడ మీదకి వచ్చిన టీచర్లు కూడా ‘‘పువ్వు ఎంత బావుందో’’ అంటారు. అసలు పువ్వు నాలుగేళ్లకి వచ్చింది. అల్లం మొలకలా ఒక కాడ, దాని నిండా పచ్చటి గింజల్లాంటి పువ్వులు, రేకలు కూడా సరిగ్గా లేనివి. ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే ఎవరూ ఏమీ అనలేదు. నాకు మాత్రం చెయ్యి వణికింది. ఆడది.

ఆడది ఉంటే మగది కావాలి. మా ఊళ్లో లేదు. త్రిశ్శూరులో ఒక పెద్దాయన దగ్గర మగ మొక్క సరిగ్గా అప్పుడే పూసింది. ఈ మొక్కలు పెంచేవాళ్లు ఒకళ్లకొకళ్లు ఎలాగో తెలిసిపోతారు. ఆయన పుప్పొడి పంపిస్తానన్నారు. ఎలా పంపాలో నేను చెప్పాను, ఆ మాత్రం హక్కు నాకుంది. బటర్ పేపర్ పొట్లంలో పుప్పొడి, ఆ పొట్లం రెండు పోస్టుకార్డుల మధ్య, కార్డులు కవర్లో. ముద్ర కొట్టేవాడు ఎంత కసిగా కొట్టినా లోపలిది నలగదు. మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి తేమ లాగెయ్యడానికి. స్పీడ్ పోస్టులో నాలుగో రోజు చేరింది. కవరు పైన తేదీ ముద్ర స్పష్టంగా, గుండ్రంగా పడి ఉంది. ముప్ఫై నాలుగేళ్లు వేలాది కవర్లు నా చేతుల మీదుగా వెళ్లాయి, వాటిల్లో ఏముందో తెలీదు. దీనిలో ఏముందో తెలిసి విప్పడం వేరేగా ఉంది. పొట్లంలో చిటికెడు పసుపు కంటే తక్కువ. సగం వాడి సగం ఫ్రిజ్‌లో, పై అరలో దాచాను. ఎండబెట్టి గడ్డ కట్టే చోట పెడితే పుప్పొడి చాలాకాలం చెడదు.

ఆడ పువ్వు కీలాగ్రం తేనె రాసినట్టు తడిగా మెరుస్తుంటేనే అద్దాలి. కాడ కింద నుంచి పైకి వరసగా విచ్చుతుంది కాబట్టి వారం పది రోజుల పని. రోజూ పొద్దున్న అయిదారు పువ్వులు. అద్దినవాటికి దారం ముక్క కట్టాను. తరవాత మూడు నెలలు ఏమీ జరగలేదు. కాయలు గోధుమరంగుకి తిరిగాక, గింజలు గాలికి ఎగిరిపోకుండా కాడకి పల్చటి మల్లు గుడ్డ సంచి కట్టాను. గింజ అంటే గింజలా ఉండదు. తల వెంట్రుక ముక్కకి నడుమ నలుసంత ముడి వేసినట్టు ఉంటుంది. ఊపిరి విడిస్తే లేచిపోతుంది. అందుకే చల్లేటప్పుడు ఫ్యాను ఆపి, మా ఆయన్ని మాట్లాడొద్దన్నాను.

ఇంగ్లండులో వీచ్ నర్సరీవాళ్లు ఇలా చేత్తో కలిపి పుట్టించిన సంకర కూజామొక్కని 1862లోనే జనం ముందు పెట్టారు. ఇవాళ బాల్కనీల్లో వేలాడే రకాల్లో చాలావరకు అలా ఎవరో ఒకరు పుప్పొడి అద్దితే పుట్టినవే. మనం మాత్రం మొక్క అంటే కొట్లో కొనేది అనుకుంటున్నాం.

ఇది నా ఒక్కదాని సరదా అయితే పత్రికకి రాసేదాన్ని కాదు. గింజ తియ్యడం మానేస్తే మొక్క ఎక్కణ్ణుంచి వస్తుంది? అడవి నుంచి వస్తుంది. మన దేశంలో సహజంగా పెరిగే నెపంథిస్ ఒక్కటే, మేఘాలయ కొండల్లోని నెపంథిస్ ఖాసియానా. గారోలు దాన్ని మెమాంగ్ కోక్సి అంటారు, దెయ్యం బుట్ట అని అర్థం. మందుకని కొంత, అలంకారానికని కొంత, బొగ్గు గనుల కింద కొంత, ఆ కొండల మీద అది తరిగిపోతూ వచ్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ దాన్ని రక్షిత మొక్కల్లో చేర్చింది. అడవిలో పీకడం నేరం, లైసెన్సు లేకుండా పెంచడం, అమ్మడం కూడా నేరమే. ఎవరైనా మీకు ‘అసలు సిసలు మేఘాలయ మొక్క’ అని చవగ్గా ఇస్తానంటే మాట పెంచకుండా వచ్చెయ్యండి. ఫ్లైట్రాప్‌కీ ఇదే గతి. దొంగలు రాత్రిపూట గోనెసంచుల్లో పెకలించుకుపోతుంటే, ఉత్తర కరోలినాలో 2014 డిసెంబరు నుంచి దాన్ని జైలుశిక్ష పడే పెద్ద నేరం చేశారు.

మన దగ్గర పీకడానికి దొంగలు కూడా అక్కర్లేదు, లేఅవుట్లు చాలు. మా పుట్టిల్లు బొబ్బిలి దారిలో ఒక పల్లె. చెరువు వెనకాల ఇసుక పర్ర ఉండేది. దసరా వెళ్లి నేల ఇంకా చెమ్మగా ఉన్న రోజుల్లో, రూపాయి బిళ్లంత ఎర్రటి మొక్కలు నేలకి కరుచుకుని వందల కొద్దీ కనపడేవి. మీద మంచు చుక్కలు. మధ్యాహ్నమైనా ఆరని మంచు చుక్కలు. చిన్నప్పుడు గేదెల వెనక వాటిని తొక్కుకుంటూ తిరిగాను. అది డ్రాసిరా బర్మానీ అనీ, ఆ చుక్కలు మంచు కాదు జిగురు అనీ, డార్విన్ పదిహేనేళ్లు వెంటపడిన మొక్కకి ఇది దగ్గరి చుట్టమనీ అరవై దాటాక తెలిసింది. వెతుక్కుంటూ వెళ్లాను. పర్ర సగం గ్రావెల్ పోసి చదును చేసి, తెల్ల రాళ్లు పాతి, గేటు కట్టేశారు. మిగిలిన సగంలో వంగి చూస్తుంటే గొర్రెలు కాసే ఒకాయన వచ్చాడు.

‘‘ఏటమ్మా, చెవి దుద్దు గానీ పడిపోనాదేటి?’’

మొక్క చూపించాను. పుల్లతో ఆకు మీద తాకించి, అంచు జడలు వంగడం చూపించాను. కళ్లెదురుగానే వంగుతాయి, ఈ జాతిలో ఇంత చురుకైనవి తక్కువ. ఆయన గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. ‘‘ఇన్నేళ్లబట్టి గొర్రెల్ని మేపుతున్నాను, ఇది మేపుకుంటదని తెల్దమ్మా’’ అన్నాడు.

మొక్కని పెకలించలేదు. ఎండిన కాడ ఒకటి కవర్లోకి తట్టాను, అంతే. కాటుక పొడి లాంటి గింజలు రాలాయి. పీట్‌మాస్ మీద చల్లి, మట్టి కప్పకుండా, కుండీ అడుగున పళ్లెంలో వాన నీళ్లు నిలిపితే వచ్చేస్తాయి. దీనికి నా బ్రష్ కూడా అక్కర్లేదు. తెల్లటి పువ్వు పొద్దున్న కొన్ని గంటలు తెరుచుకుని మూసుకుంటూ తనకి తానే పుప్పొడి అద్దుకుంటుంది. ఏడాది బతికి, వందల గింజలిచ్చి చచ్చిపోతుంది. ఫ్రిజ్ వద్దు, ఆర్వో నీళ్లు వద్దు. మన వాన, మన ఎండ సరిపోతాయి. మొదలుపెట్టాలనుకునేవాళ్లు 650 రూపాయల అమెరికా మొక్కతో కాకుండా దీనితో మొదలుపెడితే మూడు చావులు తప్పుతాయి.

ఇంటర్ బోటనీలో కీటకాహార మొక్కల గురించి ఉంది. మా వీధిలో అది చదివిన పిల్లల్ని అడిగాను. డ్రాసిరా, నెపంథిస్, యుట్రిక్యులేరియా అని గడగడా చెప్పారు. చూశారా అంటే కాలేజీలో ఫార్మలిన్ సీసాలో ఒకటుందన్నారు. ఆ సీసాలో దానికి రంగు కూడా లేదు. అయిదు కిలోమీటర్ల అవతల ఎర్రగా బతికి ఉన్నది మార్కెట్ రేటుకి గజాల్లో అమ్ముడవుతోంది. ఒక ప్లాస్టిక్ టబ్బు, గుప్పెడు గింజలు, వాన నీళ్ల డ్రమ్ము ఉంటే సీసాతో పని లేదు. అమ్మేవాళ్లకీ ఒక మాట. డబ్బా మీద ఈగల గొడవ తీసేసి, ఏ నీళ్లు పొయ్యాలో, ఎప్పుడు నిద్రపోతుందో రాయండి. ఇది గింజ నుంచో టిష్యూ కల్చర్ నుంచో వచ్చిందా, అడవి నుంచి వచ్చిందా అని కొనేవాళ్లు అడగాలి. జవాబు రాకపోతే డబ్బులు మళ్లీ పర్సులో పెట్టుకోవాలి.

‘‘ఇంత కష్టపడి ఏం లాభమండీ, గుమ్మడికాయైనా కాదు’’ అంటారు మా పక్కింటావిడ. లాభం లేదు. నాకొచ్చిన లాభమల్లా, పొద్దున్న లేవగానే బీపీ మాత్ర కంటే ముందు ఏ పువ్వు విచ్చిందో గుర్తురావడం.

డ్రాసిరా గింజలు ఈ ఏడు పదకొండు కవర్లలో పంపించాను. ఒకటి కాలేజీ బోటనీ మేడంకి, ఒకటి మనవడి స్కూలుకి, ఒకటి త్రిశ్శూరుకి. ఆయన పుప్పొడికి అది నా బదులు. మా పనావిడ కవరు అక్కర్లేదంది, కుండీయే పట్టుకెళ్లింది.

నెపంథిస్ గింజలు రెండు నెలలకి మొలిచాయి. ఇప్పటికి 23 ఉన్నాయి. ఏది ఆడదో ఏది మగదో తెలియడానికి ఇంకో నాలుగైదేళ్లు పడుతుంది. ఒక్కో మొక్క కొత్తిమీర మొలకంత లేదు, అయినా ప్రతిదానికీ నువ్వుగింజంత కూజా ఉంది, మూతతో సహా. నిన్న భూతద్దం పెట్టి చూస్తే ఒకదాని లోపల నల్లటి చుక్క కనపడింది. చీమ కంటే చాలా చిన్న పురుగేదో పడింది. ఎవరూ వేసింది కాదు.